పెద్ద గొట్టములను పట్టి త్రిప్పు పానాలు: మితవ్యయముతో ఎన్నుకొను విధము

బోరుబావికిని, మోటారునకును, గొట్టములకును వేలకొలది రూపాయలు వెచ్చించు రైతు, ఆ గొట్టములను పట్టి త్రిప్పు పానా విషయమున మాత్రము తగిన శ్రద్ధ వహింపడు. ఎవరో తెచ్చిన పానాతో ఎట్లో పని గడిచిన చాలునని తలంచును. పని గడిచినంత కాలము అందలి దోషము బయటపడదు. గడవని దినమున మోటారు బోరు అడుగునకు జారును, లేదా మనిషి వ్రేళ్ళు నలుగును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట మన కలవాటు కారాదు. కావున ఈ నెల మేము పెద్ద గొట్టములకు తగిన పనిముట్లను గూర్చి, అందును తక్కువ వ్యయముతో వానిని సమకూర్చుకొను మార్గమును గూర్చి, మన సభ్యులకు విన్నవింప దలచితిమి.

మేము కన్నులార చూచిన యొక సంగతిని ముందుగా చెప్పెదము. ఒక వేసవిలో మా సభ్యుడొకనికి మోటారు కాలిపోయెను. పైరు పొట్టదశలో నుండెను. రెండు దినములలో నీరు పారింపనిచో పైరు దక్కదు. 2½ అంగుళముల ఇనుప గొట్టములు, పదునొకండు నిడివులు. పనివారు తెచ్చినది 18 అంగుళముల పానా యొకటి మాత్రమే. పిడి చాలకపోవుటచే దానికొక గొట్టపుముక్క తొడిగి త్రిప్పిరి. క్రింది గొట్టమును కదలకుండ పట్టుటకు రెండవ పానా లేదు. బోరు కొంచెము వంకరగా నుండుటచే మోటారు ప్రక్కరాతిని ఒరసికొని నిలిచెను. పైనున్న కీలు ఊడుటకు బదులు బోరులోపల కంటికి కనబడని కీలొకటి మర విడిచెను. మరల పైకి లాగునప్పటికి ఆ కీలు తెగిపోయి, ఆరు నిడివుల గొట్టములతో మోటారు అడుగునకు పడెను. ఆధారపు తాడును కట్టలేదు. ఆ మోటారు తిరిగి రాలేదు, పైరును దక్కలేదు. కావలసినది మఱియొక పానా. పోయినది ఒక సంవత్సరపు గ్రాసము.

గొట్టపు కొలత తెలిసికొనుట

పానా కొనుటకు ముందు మన గొట్టమెంతటిదో తెలియవలెను. ఇనుప గొట్టమును రెండంగుళములదనియు మూడంగుళములదనియు మనము పిలుచునది లోపలి వ్యాసమును బట్టియే. పానా పట్టునది వెలుపలి వ్యాసమును. ఈ రెండింటికిని భేదము గలదు. మన దేశపు ప్రమాణము ప్రకారము 2 అంగుళముల గొట్టమునకు వెలుపలి వ్యాసము సుమారు 60 మిల్లీమీటర్లు, 2½ అంగుళములదానికి 76, 3 అంగుళములదానికి 89, 4 అంగుళములదానికి 114, 6 అంగుళములదానికి 165.

కొలబద్ద లేకున్నను చింత లేదు. గొట్టము చుట్టును ఒక దారము చుట్టి, దాని పొడవును కొలువవలెను. దారము 7½ అంగుళములైన అది 2 అంగుళముల గొట్టము. సుమారు 9½ అయిన 2½. 11 అయిన 3. 14 అయిన 4. ఇరువదికి కొంచెము మించిన 6 అంగుళముల గొట్టము. ఈ యంకెలను పంపుగది గోడపై బొగ్గుతో వ్రాసి యుంచుకొన్నను మేలే.

గొట్టము ఇనుపదో ప్లాస్టికుదో యనునది రెండవ విషయము. నేడు బోరులలో రెండును వాడుకలో నున్నవి. ఒకదానికి మేలుచేయు పానా రెండవదానికి కీడుచేయును.

పండ్ల పానా

మన యూళ్ళలో పైపుపానా యనబడునది ఇదియే. దీనిని అమెరికా దేశమున డేనియల్ స్టిల్సన్ అను నతడు కల్పించి 1869లో హక్కుపత్రము పొందెను. నాటినుండి నేటివరకు దీని నిర్మాణము పెద్దగా మారలేదు. పై దవడ కొంచెము వదులుగా నుండి, పిడిని లాగిన కొలది ముందునకు వ్రాలి గొట్టమును కరచుకొనును. ఎంత బలముగా లాగిన అంత బలముగా పట్టును. ఎదురు దిక్కునకు త్రిప్పిన వదలిపోవును. కావున ఇది ఒక దిక్కునకే పనిచేయు పనిముట్టు. బిగించుటకొక విధముగను, ఊడదీయుటకు దానిని త్రిప్పి మఱియొక విధముగను పట్టవలెను. దవడ వెనుక తట్టునకును గొట్టమునకును నడుమ అర అంగుళము సందు ఉంచవలెను. సందు లేనిచో దవడ వ్రాలదు, పట్టు కుదురదు.

ఈ పానాలలో 18 అంగుళములది 2½ అంగుళముల గొట్టము వరకును, 24 అంగుళములది 3 వరకును, 36 అంగుళములది 5 వరకును, 48 అంగుళములది 6 వరకును నోరు తెరచును. అయినను నోరు పట్టినంత మాత్రమున పానా సరిపోయినదని భ్రమింపరాదు. 18 అంగుళముల పిడి చివర 40 కిలోల బలము చూపినప్పుడు కలుగు త్రిప్పుడు, 36 అంగుళముల పిడి చివర 20 కిలోలతోనే కలుగును. చిన్న పిడితో పెద్ద గొట్టమును త్రిప్పుట ఇద్దరి పనిని ఒక్కనిపై మోపుటయే. మా యనుభవమున 2 అంగుళముల గొట్టమునకు 24, మూడింటికి 36, నాలుగింటికి 48 అంగుళముల పానా సుఖముగా నుండును.

ఇక్కడనే వ్యయము అడ్డువచ్చును. పానా పొడవు 18 నుండి 36కు రెట్టింపైనచో బరువు రెట్టింపు గాక సుమారు మూడింతలగును. ఉక్కు పానా దాదాపు 8½ కిలోలు తూగును. ధరయు బరువుతోనే పోవును. అల్యూమినియపు పిడి గలవి చాల తేలిక. అవి ఎక్కువ ధర పలుకును. దినమంతయు పానా మోయు పనివానికి ఆ తేలికదనము అవసరము. ఏడాదికొక మారు వాడుకొను రైతునకు అక్కరలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

గొలుసు పానా

నాలుగంగుళములకు మించిన గొట్టములకు, మితవ్యయము కోరువారికి గొలుసు పానా ఉత్తమము. ఒక పొడుగాటి పిడి, దాని చివర పండ్లుగల దవడ, దానికి తగిలించిన గొలుసు ఇందలి భాగములు. గొలుసును గొట్టము చుట్టును త్రిప్పి, కొక్కెమున తగిలించి పిడిని లాగిన, గొట్టము నలువైపుల పట్టువడును. ఒకే పానా గొలుసు పొడవును బట్టి 2 అంగుళముల గొట్టమును, 4 లేక 6 అంగుళముల గొట్టమును కూడ పట్టును. ఇరుకైన తావులలోను, పంపుగది మూలలలోను పిడిని కొద్దిగా కదల్చి, వెనుకకు తెచ్చి, మరల కదల్చుచు త్రిప్పవచ్చును. ఒక్కొక్క పరిమాణమునకు ఒక్కొక్క పండ్ల పానా కొనుటకంటె ఇది ఒకటి కొనుట లాభము.

దీనికిని హద్దులు గలవు. పలుచని గొట్టములను గొలుసు నొక్కి సొట్టలు పెట్టును. గొలుసు లంకెలలో నొకటి సాగినను, పగిలినను ఆ గొలుసు పనికిరాదు. దానిని ఇనుప తీగతో కట్టి వాడువాడు తన చేతికి తానే కీడు తెచ్చుకొనును.

పట్టీ పానా, తాటి పానా

ప్లాస్టికు గొట్టములకు పండ్లుగల పానా తగదు. పండ్లు గాటు పెట్టును. ఆ గాటు వద్దనే తరువాత పగులు పుట్టును. వీనికి గట్టి నేత పట్టీతో చేసిన పానా వాడవలెను. పిడిని లాగిన కొలది పట్టీ బిగియునట్లు చుట్టవలెను. గొట్టమును పట్టీని ఎండు గుడ్డతో తుడువవలెను. నీరు, నూనె, బురద యున్న పట్టీ జారిపోవును. రబ్బరు వలయము గల ప్లాస్టికు కీళ్ళకు మిక్కిలి బిగింపు అవసరము లేదు. మితిమీరి బిగించినచో మర పాడగును.

పట్టీ పానా కూడ దొరకని చోట మన పెద్దలు వాడిన యుపాయమొకటి గలదు. గట్టి తాడును రెండు పేటలుగా మడిచి, కొసలు చుట్ల క్రింద అణగియుండునట్లు గొట్టమునకు నాలుగైదు చుట్లు చుట్టవలెను. మడత వైపు మిగిలిన ఉచ్చులో ఒక బలమైన కఱ్ఱనో గునపమునో దూర్చి, దాని కొనను గొట్టమున కానించి లాగిన, తాడు బిగిసి గొట్టము తిరుగును. దీనికైన వ్యయము తాడు వెల మాత్రమే. త్రుప్పు పట్టిన ఇనుప కీళ్ళకు ఇది చాలదు. ప్లాస్టికు గొట్టములకును, తేలికగా తిరుగు కీళ్ళకును చాలును.

పానా ఒకటి చాలదు

ఏ పానా కొన్నను రెండు కావలెను. ఒకటి క్రింది గొట్టమును కదలకుండ పట్టుటకు, రెండవది పై గొట్టమును త్రిప్పుటకు. రెండును ఎదురెదురు దిక్కులకు చూచునట్లు పట్టవలెను. మొదట చెప్పిన నష్టము ఈ నియమమును పాటింపకపోవుటచే కలిగినదే.

కీలు క్రింద గొట్టమును బిగించు క్లాంపులను కూడ పానాలతో సమముగా చూడవలెను. 2 అంగుళముల నడితరగతి ఇనుప గొట్టము మీటరునకు సుమారు 5 కిలోలు తూగును. పది నిడివులైన, అనగా 60 మీటర్లైన, 300 కిలోలు. అందులో నిలిచిన నీరు మఱి 130 కిలోలు. దీనిపై మోటారు బరువు. ఇంత భారమును ఆ యొక్క క్లాంపు జత మోయుచున్నదని మరువరాదు. బోల్టులు అరిగిన క్లాంపును ఇనుప సామాను కొట్టునకు అమ్మివేయుటే మేలు.

త్రుప్పు పట్టిన కీలు మొరాయించినప్పుడు పిడికి గొట్టము తొడిగి పొడిగింపవలదు. పానా దవడ ఆ బలమునకై చేసినది కాదు. ముందటి రాత్రియే కీలునకు కిరసనాయిలు పోసి నానవిడిచి, ఉదయమున సాకెట్టు చుట్టును సుత్తితో మెల్లగా తట్టిన, పెక్కు కీళ్ళు చిన్న పానాకే లొంగును. గొట్టములు దింపునప్పుడే మరలను తీగ కుంచెతో శుభ్రపరచి, జనపనారయు రంగును, లేక మరల పట్టీని, తగుమాత్రముగా చుట్టినవారికి మరుసటిసారి పని సుళువగును.

మఱియొక హెచ్చరిక. ఇనుప గొట్టపు నిడివి 20 అడుగులు. మూడుకాళ్ళ స్తంభముపై దానిని లేపునప్పుడు పైన విద్యుత్తు తీగె లున్నచో ప్రాణాపాయము. తీగెల క్రింద నున్న బోరులో, విద్యుత్తు సిబ్బంది వచ్చి ఆ తీగెలకు ప్రవాహము ఆపువరకు, గొట్టము నెత్తరాదు. స్టార్టరు ఫ్యూజులు తీసి జేబులో నుంచుకొనవలెను.

కొనునప్పుడు చూడవలసినవి

భారతీయ ప్రమాణముల సంస్థ పండ్ల పానాలకు 4003వ సంఖ్యను, గొలుసు పానాలకు 4123వ సంఖ్యను ప్రమాణములుగా నేర్పరచినది. ఆ గుర్తున్నవానిని కోరవలెను. దవడ పోతపోసినది గాక, కాచి సాగగొట్టినదై యుండవలెను. దవడలు విడిగా దొరకు రకమైన ఇంకను మంచిది. పండ్లరిగినప్పుడు దవడ మాత్రము మార్చుకొనవచ్చును.

పాత సామాను కొట్టులో కొనుట తప్పు కాదు. కాని పండ్లు పదునుగా నున్నవో లేదో వ్రేలితో తడవి చూడవలెను. పిడి వంగినదైనను, దవడకు అతుకు వేసినదైనను, మరచుట్టు వదులైనదైనను ఎంత చౌకగా వచ్చినను తీసికొనరాదు. పని ముగియగనే పండ్లలోని మట్టిని తీగ కుంచెతో దులిపి, మరకు రెండు చుక్కల నూనె వేయువారి పానా తరములు నిలుచును.

సంఘము చేయదగిన పని

ఇంతకును 36 అంగుళముల పానాలు రెండు, గొలుసు పానా యొకటి, పట్టీ పానాలు రెండు, క్లాంపుల జతలు కొన్ని, మూడుకాళ్ళ స్తంభము, గొలుసు కప్పీ ప్రతి రైతును కొనవలెనా? అక్కరలేదు. ఒక్కొక్క ఇంట ఇవి ఏడాదిలో మూడువందల అరువది దినములు గోడ మూలనే పడియుండును. కాని ఊరిలో ఎవరో యొకరికి ప్రతివారమును వీని అవసరము కలుగును. ఇట్టి వస్తువులకే సహకారము. మన దేశమున 1904లో సహకార సంఘముల చట్టము అప్పులకొరకు పుట్టినను, పదిమంది కలిసిన ఒక్కనికి సాధ్యము కానిది సాధ్యమగునను సూత్రము పనిముట్లకును చెల్లును.

సంఘము ఒక జత కొని, పనిముట్ల పుస్తకమొకటి పెట్టవలెను. తీసికొన్న దినము, తిరిగి యిచ్చిన దినము, అప్పటి స్థితి అందు వ్రాయవలెను. స్వల్పమైన వాడుక రుసుము వసూలుచేసి, దానిని దవడలు, బోల్టులు, తాళ్ళు మార్చుటకే వినియోగింపవలెను. విఱిచి తెచ్చినవాడు దాచక చెప్పినచో, అతనిని దూషింపక బాగుచేయించుకొనుట మంచిది. ఏలయనగా దాచిన పగులు మరుసటి రైతు చేతిలో తెగును.

వేసవి రాకముందే ఈ విషయమును తమ గ్రామ సంఘపు సమావేశమున చర్చింప సభ్యులను కోరుచున్నాము. మోటారు కాలిన దినమున పానాకై మూడూళ్ళు తిరుగుటకంటె, సంఘపు గదిలో నూనె రాసి యుంచిన పానాలు రెండుండుట ఎంతయో మేలు.