అనుభవానికి అక్షర రూపం: కృత్రిమ మేధ సహాయకులకు ప్రత్యేక నైపుణ్యాలు

ఒక సాఫ్ట్‌వేర్ వ్యవస్థ ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు దాన్ని మళ్లీ నడిపించడానికి కావలసిన జ్ఞానంలో అధిక భాగం గ్రంథాల్లో గానీ, తయారీదారులు వెలువరించే వివరణ పత్రాల్లో గానీ దొరకదు. ఏ లక్షణం కనిపిస్తే ముందుగా ఏది చూడాలి, ఏ ఆదేశం ఇస్తే ప్రమాదం లేదు, ఏది ఇస్తే వెనక్కి తీసుకోవడం అసాధ్యం, ఎప్పుడు సొంత ప్రయత్నం ఆపి పైవారికి తెలియజేయాలి అన్న విచక్షణ ఏళ్ల తరబడి ఆ వ్యవస్థతో కుస్తీ పట్టిన ఇంజినీర్ల బుర్రల్లోనే ఉంటుంది; వారు ఉద్యోగం మారితే అదీ వారి వెంటే వెళ్లిపోతుంది. కృత్రిమ మేధ సహాయకులు ఈ రంగంలో అడుగుపెట్టాక, ఆ విచక్షణను రాతపూర్వకంగా కూర్చి యంత్రానికి అందించే పద్ధతి ఒకటి రూపుదిద్దుకుంది. ‘స్కిల్స్’ అని వ్యవహరిస్తున్న ఈ పద్ధతిలో యంత్రం ఎంత గొప్పదన్న ప్రశ్న కంటే, దానికి అందే అనుభవాన్ని మనుషులు ఎంత శ్రద్ధగా రాశారన్న ప్రశ్నే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

చదువు ఒక్కటే చాలదు

ప్లాట్‌ఫామ్ అంటే ఇతర ప్రోగ్రాములు తనమీద ఆధారపడి నడవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ ఏర్పాటు. సమాచారాన్ని భద్రపరిచే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేసులు, వందలాది ప్రోగ్రాములను అనేక కంప్యూటర్ల మీద సర్ది నడిపించే కుబర్నెటీస్ వంటి నిర్వాహక వ్యవస్థలు ఈ కోవలోకి వస్తాయి. కృత్రిమ మేధ సహాయకుడి వెనుక పనిచేసే భాషా నమూనా, అంటే అపారమైన పాఠ్యం నుంచి భాష పోకడలను గ్రహించి సమాధానాలు అల్లే ప్రోగ్రాము, వీటి గురించి బహిరంగంగా లభించే రచనలను శిక్షణ దశలోనే విస్తారంగా చదివి ఉంటుంది.

అయినా ఆ చదువుకు మూడు లోపాలున్నాయి. ఒకే ప్లాట్‌ఫామ్‌కు చెందిన పాత, కొత్త వెర్షన్ల వివరాలు అందులో కలగలిసి ఉండటం వల్ల, మూడేళ్ల కిందట చెల్లిన ఆదేశాన్ని నేటికీ చెల్లుతుందన్నట్టు సూచించే అవకాశం ఉంది. తెలియని చోట ఆగిపోకుండా, నిజమనిపించేలా ఉన్నా అసలు ఉనికిలోనే లేని సెట్టింగును కల్పించి చెప్పే భ్రాంతి దోషం రెండవది. ఒక సంస్థలో ఏ సర్వర్ అసలుది, ఏది దాని నకలు, శుక్రవారం సాయంత్రం మార్పులు ఎందుకు చేయకూడదు వంటి స్థానిక విషయాలు దానికి తెలిసే వీలే లేకపోవడం మూడవది. నమూనాను మరింత పెద్దది చేసినంత మాత్రాన ఈ మూడవ లోపం తీరదు.

పాత ప్రయత్నం నేర్పిన పాఠం

నిపుణుల జ్ఞానాన్ని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన కొత్తది కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1970లలో రూపొందిన మైసిన్ అనే ప్రోగ్రాము, వైద్యుల పరిజ్ఞానాన్ని కొన్ని వందల నియమాలుగా మలచుకొని, బాక్టీరియా వల్ల వచ్చే తీవ్ర వ్యాధులకు యాంటీబయాటిక్ మందులను సూచించేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌డెర్మాట్ 1978లో రూపొందించిన ఎక్స్‌కాన్, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అమ్మే వ్యాక్స్ కంప్యూటర్లలో ఏ భాగానికి ఏది జతపడుతుందో తేల్చేది. నిపుణ వ్యవస్థలుగా పేరుపొందిన ఈ ప్రోగ్రాములు తమ పరిధిలో చక్కగానే పనిచేసినా, ప్రతి అనుభవాన్నీ ‘ఇది జరిగితే అది చేయాలి’ అన్న కట్టుదిట్టమైన నియమంగా మార్చడం ఎంతో శ్రమతో కూడుకున్న పనయింది. కొత్త యంత్రాలు మార్కెట్లోకి వచ్చిన కొద్దీ ఎక్స్‌కాన్ నియమాలు వేలకు పెరగగా, వాటిని సరిదిద్దుతూ పోవడమే ఒక ప్రత్యేక విభాగం చేయవలసిన పనిగా మారింది. యంత్రానికి జ్ఞానాన్ని ఎక్కించే ఘట్టమే ఇరుకు దారి అని ఆనాటి పరిశోధకులు గుర్తించారు.

నేటి భాషా నమూనాలు మామూలు వచనాన్ని చదివి అర్థం చేసుకోగలగడంతో ఆ దారి కొంత విశాలమైంది. కొత్తగా చేరిన ఇంజినీరు కోసం రాసే సూచనల పత్రాన్నే యంత్రమూ చదవగలదు. మనిషికి అర్థమయ్యేదీ, యంత్రం అనుసరించేదీ ఒకే పాఠం కావడం వల్ల తప్పు దొర్లితే దిద్దడం కూడా సులువు.

స్కిల్ నిర్మాణం

ఆంత్రోపిక్ సంస్థ 2025 అక్టోబరులో తన క్లాడ్ సహాయకుడి కోసం ఈ పద్ధతిని ప్రకటించి, అదే ఏడాది డిసెంబరులో ఎవరైనా వాడుకోదగిన బహిరంగ ప్రమాణంగా విడుదల చేసింది. స్కిల్ అంటే నిజానికి ఒక ఫోల్డరు. అందులో ‘స్కిల్.ఎండీ’ అనే పేరుతో ఒక పాఠ్య ఫైలు తప్పనిసరిగా ఉండాలి. దాని తలభాగంలో స్కిల్ పేరు, అది ఏ సందర్భంలో ఉపయోగపడుతుందో చెప్పే చిన్న వివరణ ఉంటాయి. వివరణ 1024 అక్షరాలకు మించకూడదు. కింది భాగంలో చేయవలసిన పని అంచెలంచెలుగా ఉంటుంది. అవసరాన్ని బట్టి అదనపు వివరణ పత్రాలను, తనిఖీలు జరిపే చిన్న ప్రోగ్రాములను కూడా అదే ఫోల్డరులో చేర్చవచ్చు.

ఈ అమరికకు కారణం ఉంది. భాషా నమూనా ఒక సంభాషణలో ఏకకాలంలో దృష్టిలో ఉంచుకోగల పాఠ్యానికి ఒక హద్దు ఉంటుంది. సంబంధం లేని సమాచారంతో ఆ జాగా నిండిపోతే ఖర్చు పెరగడమే కాక, ముఖ్యమైన సూచన మరుగున పడే ప్రమాదమూ ఉంది. అందుకే మొదట అన్ని స్కిల్స్ పేర్లు, వివరణలు మాత్రమే సహాయకుడికి కనిపిస్తాయి. ఎదురైన సమస్యకు ఏదైనా సరిపోతుందనిపిస్తే దాని పూర్తి పాఠాన్ని తెరుస్తాడు. ఆ పాఠం మరో పత్రాన్ని చూడమంటే అప్పుడు మాత్రమే దాన్ని చదువుతాడు. వివరణ అస్పష్టంగా ఉన్న స్కిల్, లోపల ఎంత విలువైన సమాచారం ఉన్నా, సమయానికి తెరుచుకోదు.

ఒక లోపాన్ని వెతికే తీరు

ఈ పద్ధతి పనితీరును కుబర్నెటీస్‌లో తరచూ ఎదురయ్యే ‘క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్’ అనే స్థితి చక్కగా చూపిస్తుంది. గూగుల్ 2014లో బహిరంగపరచిన ఈ ప్లాట్‌ఫామ్‌లో ప్రోగ్రాములు కంటైనర్లు అనే విడివిడి కోశాల్లో నడుస్తాయి. ఒక కంటైనర్ మొదలైన వెంటనే కూలిపోతూ ఉంటే కుబర్నెటీస్ దాన్ని 10 సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. అయినా కూలితే 20, ఆ తరువాత 40 సెకన్లు ఆగుతూ, విరామాన్ని సాధారణంగా 5 నిమిషాల దాకా పెంచుకుంటూ పోతుంది. కాబట్టి తెరమీద కనిపించే ఆ పేరు ఒక లక్షణమే తప్ప రోగ కారణం కాదు.

మామూలు సహాయకుడిని అడిగితే పదిపన్నెండు కారణాల జాబితా ఇస్తాడు. అనుభవజ్ఞులు రాసిన స్కిల్ ఒక వరుసను నిర్దేశిస్తుంది: ప్రస్తుతం నడుస్తున్న కంటైనర్ లాగ్‌ను కాక, కూలిపోయిన వెనకటి కంటైనర్ లాగ్‌ను, అంటే ప్రోగ్రాము తన నడకను నమోదు చేసుకున్న చిట్టాను, ముందుగా తెప్పించాలి, ఆపైన అది ఏ సంఖ్యతో ముగిసిందో చూడాలి. ఆ సంఖ్య 137 అయితే ప్రోగ్రాము తనంతట తాను ఆగలేదనీ, ఆపరేటింగ్ సిస్టమ్ పంపిన 9వ సంకేతం దాన్ని బలవంతంగా ఆపేసిందనీ అర్థం. 128కి 9 కలిపితే 137 వస్తుంది. మెమరీ చాలకే ఇలా జరిగిందని చాలామంది వెంటనే తీర్మానించి మెమరీ పరిమితిని పెంచేస్తారు. అయితే ప్రోగ్రాము సజీవంగా ఉందో లేదో చూసే తనిఖీకి జవాబు రాక, ఆగిపొమ్మని ఇచ్చిన గడువులోగా అది ఆగకపోయినా ఇదే సంఖ్య వస్తుంది. అందుచేత మెమరీ చాలక ఆపేసినట్టు తెలిపే ‘ఓఓఎమ్‌కిల్డ్’ అన్న కారణం నమోదైతేనే మెమరీ వైపు వెళ్లాలనీ, లేకుంటే తనిఖీ సెట్టింగులను చూడాలనీ స్కిల్ స్పష్టం చేస్తుంది. మెమరీ వాడకం గంటగంటకూ పెరుగుతూ పోతుంటే పరిమితి పెంచడం వల్ల వైఫల్యం వాయిదా పడుతుందే గాని తొలగదని కూడా అది హెచ్చరించాలి. ఏ కారణాన్ని ఏ ఆధారంతో తోసిపుచ్చాలో చెప్పగలగడమే మంచి స్కిల్‌కు గీటురాయి.

తొందరపాటుకు కళ్లెం

సరైన ఆదేశాన్ని తప్పు చోట ఇచ్చినా జరిగే నష్టం తక్కువ కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో డేటాబేస్ నకలు వెనకబడిపోగా, దాన్ని సరిచేస్తున్న ఇంజినీరు నకలు సర్వర్ మీద ఉన్నాననుకొని అసలు సర్వర్‌లోని ఫోల్డరును తొలగించారు. దాదాపు 300 గిగాబైట్ల సమాచారంలో మిగిలింది 4.5 గిగాబైట్లు. రోజువారీ బ్యాకప్ ప్రోగ్రాము వెర్షన్ తేడా వల్ల ఎప్పటి నుంచో విఫలమవుతోందనీ, ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు ఎవరికీ చేరడం లేదనీ అప్పుడే బయటపడింది. సుమారు ఆరు గంటల ముందు మరో పని కోసం తీసి ఉంచిన ప్రతి ఒకటి దొరకడంతో నష్టం ఆ ఆరు గంటల సమాచారానికి పరిమితమైంది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రకటించడం వల్ల ప్రపంచంలోని ఇంజినీర్లందరికీ అది పాఠమైంది.

అలసిన మనిషి చేయగల పొరపాటును ఆదేశాలిచ్చే అధికారం పొందిన యంత్రం ఇంకా వేగంగా చేయగలదు. కనుక తొలగించే ముందు సర్వర్ పేరును తెరమీద చూపించి మనిషి అనుమతి కోరాలనీ, బ్యాకప్ ఉందని నమ్మకుండా దాని నుంచి సమాచారాన్ని నిజంగా తిరిగి పొందగలమో లేదో పరీక్షించాలనీ స్కిల్‌లో రాయాలి. అయితే రాసిన మాటను నమూనా ప్రతిసారీ పాటిస్తుందన్న హామీ లేదు. మొదటి దశలో సహాయకుడికి చూసే అధికారం మాత్రమే ఇచ్చి, మార్చే అధికారాన్ని వ్యవస్థ స్థాయిలోనే నిరాకరించడం అసలైన రక్షణ. లాగ్‌లోని ఏదో ఒక వాక్యంలో దురుద్దేశంతో ఇరికించిన ఆదేశాన్ని సహాయకుడు యజమాని మాటగా పొరబడే ప్రమాదమూ ఉంది. ముక్కూమొహం తెలియని వారు పంచే స్కిల్స్‌లో హానికరమైన ప్రోగ్రాములు దాగి ఉండవచ్చు గనుక, ప్రతి ఫైలునూ చదవకుండా వాటిని వాడటం తగదు.

రాసేవారికి దక్కవలసిన స్థానం

ఈ విషయం తెలుగువారికి దగ్గరిది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కార్యాలయాల్లోనూ అమెరికాలోనూ ప్రొడక్షన్ సపోర్టు, అంటే నడుస్తున్న వ్యవస్థలను కాపాడే పని, ఎంతోమంది తెలుగు యువతీయువకులకు జీవనాధారం. అమెరికాలో పగలు ఇక్కడ రాత్రి కావడంతో షిఫ్టుల్లో పనిచేస్తూ, టికెట్లుగా నమోదైన సమస్యలను ఒకదాని వెనుక ఒకటి పరిష్కరిస్తూ, కేటీ (జ్ఞాన బదిలీ) పేరిట కొత్తవారికి పని అప్పగిస్తూ వారు సంపాదించిన అనుభవమే స్కిల్స్‌కు ముడిసరుకు. సంస్థలు ఆ రాతపనిని తీరిక వేళల్లో చేసే అదనపు చాకిరీగా చూసినంత కాలం అరకొర పత్రాలే తయారవుతాయి. అరకొర పత్రాలను చదివిన సహాయకుడు ధీమాగా తప్పుదారి పట్టిస్తాడు.

అందుచేత ప్రతి స్కిల్‌కు ఒక బాధ్యుడు ఉండాలి, ప్లాట్‌ఫామ్ వెర్షన్ మారినప్పుడల్లా దాన్ని తిరిగి పరీక్షించాలి, ప్రతి వైఫల్యం తరువాత జరిపే కారణ విశ్లేషణ అందులో కొత్త వాక్యంగా చేరాలి. వీటికి వెచ్చించే గంటలు ఉద్యోగి పనితీరు లెక్కలో పూర్తిగా చేరాలి. తన అనుభవాన్ని రాసిచ్చినందుకు కొలువే పోతుందన్న భయం ఉద్యోగికి ఉంటే కీలకమైన వివరం కాగితం మీదకు రాదు గనుక, ఆ భయాన్ని తొలగించవలసిన బాధ్యత యాజమాన్యాలదే. కృత్రిమ మేధ సహాయకుల మీద కోట్లు ఖర్చు చేస్తున్న సంస్థలు వాటికి పాఠం రాసేవారి సమయానికీ, గుర్తింపుకూ, భద్రతకూ అదే శ్రద్ధతో ఖర్చు చేసినప్పుడే ఆ పెట్టుబడి ఫలిస్తుంది.