విశ్వవిద్యాలయములు – విద్యార్థి శిబిరములు

తమ మొఱ వినువారు లేరని తోచినపుడు విద్యార్థులు తరగతులు విడిచి ఆరుబయట గుడారములు వేయుదురు. అపుడు విశ్వవిద్యాలయమునకు మూడు మార్గములు కలవు: పిలిచి మాటలాడుట, శిక్షించుట, రక్షకభటులను రప్పించుట. ఏ మార్గమున ఏ ఫలము కలిగినదో తెలుగువారి చరిత్రయందే చూడవచ్చును.

1938వ సంవత్సరాంతమున ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో విద్యార్థులు వందేమాతర గీతమును పాడిరి. అధికారులు దానిని నిషేధించి, లొంగనివారిని మొదట వసతిగృహములనుండియు, పిదప విశ్వవిద్యాలయమునుండియు వెడలగొట్టిరి. అపుడు టి. జె. కేదారు ఉపకులపతిగా నున్న నాగపుర విశ్వవిద్యాలయము వారికి ప్రవేశ మొసగెను. 2011లో గోండ్వానా విశ్వవిద్యాలయము ఏర్పడువరకు చంద్రపూరు కళాశాలలును ఆ నాగపుర విశ్వవిద్యాలయము క్రిందనే యుండెను. వందేమాతరోద్యమమున పాల్గొన్న పి. వి. నరసింహారావు న్యాయశాస్త్రము పఠించినది అచ్చటనే. ఒకచోట నిలువనీడ పోయినను వేరొకచోట వారికి చదువు దక్కెను.

2016లో అట్టి ఆశ్రయము దొరకలేదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున 2015 ఆగస్టులో రెండు విద్యార్థిసంఘముల నడుమ వివాదము పుట్టెను. తత్ఫలితముగా డిసెంబరులో అంబేద్కరు విద్యార్థిసంఘమునకు చెందిన ఐదుగురు దళిత పరిశోధకులకు వసతిగృహ బహిష్కారము విధింపబడెను. పరిశోధన సాగించుకొనవచ్చును గాని వసతిగృహమున నుండరాదు. సంఘ ఎన్నికలలో నిలువరాదు. జనవరి తొలిదినములలో వారు పరుపులు, పుస్తకములు మోసికొనివచ్చి ప్రాంగణమందలి అంగళ్లకడ గుడారము వేసికొని, దానికి ‘వెలివాడ’ యని పేరిడిరి. ఊరికి వెలుపల అంటరానివారుండు తావునకు తెలుగున గల పాతపేరు అది. 1956 అక్టోబరు 16న డాక్టరు అంబేద్కరు చంద్రపూరున బౌద్ధదీక్ష నొసగెను. ఆ దీక్షాభూమి నెఱిగినవారికి ఈ పేరులోని బాధను వేరుగా విప్పి చెప్పనక్కఱలేదు.

జనవరి 17న ఆ ఐదుగురిలో నొకడైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసికొనెను. నాలుగు దినములకు, 21న, తక్కిన నలుగురి శిక్ష రద్దయ్యెను. మార్చి 22న ఉపకులపతి సెలవునుండి మరలిరాగా అలజడి రేగెను. రక్షకభటులు లాఠీలు ప్రయోగించి విద్యార్థులను, ఇరువురు అధ్యాపకులను నిర్బంధించిరి. 21న చేసిన పని 17కు ముందే చేయరాదా యను ప్రశ్న నేటికిని మిగిలియున్నది.

విదేశములందును ఇదే తీరు కనబడును. గాజా యుద్ధము విషయమై 2024 ఏప్రిల్ 17న న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున విద్యార్థులు గుడారములు వేసిరి. మరునాడే నూరుమందికి పైగా నిర్బంధింపబడిరి. గుడారములు మరల వెలసి, ఇతర విశ్వవిద్యాలయములకును ప్రాకెను. బ్రౌను విశ్వవిద్యాలయము మాత్రము, పెట్టుబడులనుగూర్చిన వారి కోరికను పాలకమండలిలో వోటుకు పెట్టుదుమని ఏప్రిల్ 30న ఒప్పుకొనెను. విద్యార్థులే తమ గుడారములను తీసివేసిరి. అక్టోబరులో మండలి ఆ కోరికను త్రోసిపుచ్చెను. కోరిక నెరవేరకపోయినను, ఆ గుడారములను పీకుటకు రక్షకభటులు రావలసిన పని లేకపోయెను.

పేదవిద్యార్థికి వసతిగృహమే ఇల్లు. అది పోయినచో చదువు సాగించుకొమ్మను అనుమతి కాగితముపైననే నిలుచును. కావున వినుట శిక్షకు ముందు జరుగవలెను. ప్రాణము పోయిన పిమ్మట రద్దుచేసిన శిక్ష పోయినవానికి అక్కఱకు రాదు.