ట్రక్కు కాయిల్.. రేసు కారు.. మధ్యలో మీ ఉద్యోగం!

మెకానికల్ పట్టా చేతికొచ్చింది. అనంత కరవు సీమలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు 2019 నుంచి తయారవుతున్నాయి. చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలూ వెలిశాయి. పరిశ్రమ గడప దాకా వచ్చింది సరే.. ఇంటర్వ్యూలో 'ఇగ్నిషన్ కాయిల్ మారిస్తే ఇంజిన్‌లో ఏమవుతుంది?' అని అడిగితే ఏం చెబుతారు?

అమెరికాలో కార్ల ప్రియులు చాలాకాలంగా చేస్తున్న పని ఒకటుంది. జనరల్ మోటార్స్ వీ8 పెట్రోల్ ట్రక్కుల కాయిల్స్ తీసి, మాజ్డా ఆర్ఎక్స్-7 లాంటి టర్బో కార్లకు బిగిస్తారు. మన 44వ నంబరు హైవే మీద లారీల్లో ఈ కాయిల్ కోసం వెతక్కండి. అవి దాదాపు అన్నీ డీజిల్‌వి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు!

ఎందుకు మారుస్తారు?

టర్బో గాలిని గట్టిగా కుక్కుతుంది. ప్లగ్ మొనల మధ్య మిశ్రమం ఎంత చిక్కగా ఉంటే, దాన్ని దాటడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. బలం చాలకపోతే మిస్‌ఫైర్. బరువులు లాగే ట్రక్కు కోసం చేసిన కాయిల్ ఎక్కువ శక్తి దాచుకుంటుంది. సూత్రం మీకు తెలిసిందే: ఇండక్టెన్స్‌ను కరెంటు వర్గంతో గుణిస్తే, అందులో సగం.

అయితే కాయిల్ నిండడానికి సమయం పడుతుంది. దీన్నే డ్వెల్ అంటారు. 6000 ఆర్‌పీఎం దగ్గర ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు 20 మిల్లీసెకన్లకోసారి స్పార్క్ పడాలి. సిలిండర్‌కో కాయిల్ ఉంటే ఇబ్బంది లేదు. ఒక్క కాయిలే ఎనిమిది సిలిండర్లకూ పనిచేయాలంటే మిగిలేది 2.5 మిల్లీసెకన్లే! పైగా బ్యాటరీ వోల్టేజీ తగ్గితే కాయిల్ నిదానంగా నిండుతుంది, డ్వెల్ పెంచాలి. మరీ పెంచితే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. అంటే కాయిల్ మారిస్తే సరిపోదు, ఈసీయూలో డ్వెల్ పట్టికా మార్చాలి. ఇంకో మెలిక: ఈ ట్రక్కు కాయిల్స్‌లో కరెంటు ఆన్-ఆఫ్ చేసే సర్క్యూట్ లోపలే ఉంటుంది. వైరింగ్ చూడకుండా కలిపితే పార్టు పోయినట్టే.

మీరేం చేయాలి?

* కాలేజీ వర్క్‌షాపులోని పాత పెట్రోల్ ఇంజిన్ కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. ఆసిల్లోస్కోప్ ఉంటే ప్రైమరీ కరెంటు ఎలా పెరుగుతుందో చూడండి. సెకండరీ వైపు వేల వోల్టులుంటాయి, చేయి పెట్టొద్దు.
* ఫార్ములా భారత్, బాజా లాంటి విద్యార్థి పోటీల జట్టులో చేరండి.
* రోడ్డు మీద తిరిగే బండితో ప్రయోగాలొద్దు. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది.
* ఎన్ఏటీఎస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ దొరుకుతుంది.

'ఈవీలొస్తుంటే కాయిల్ గొడవ మాకెందుకు?' అంటారేమో. ఈవీలో స్పార్క్ ఉండదు. కానీ పెద్ద బ్యాటరీ వోల్టేజీని 12 వోల్టులకు దించే కన్వర్టర్ పనిచేసేదీ కాయిల్, స్విచ్ సూత్రంతోనే. పార్టులు మార్చి చూసేవాళ్లు ప్రతి షెడ్డులోనూ దొరుకుతారు. ఎందుకు మార్చాలో కొలిచి చెప్పగలిగితే మీ దారి వేరు. ఈ వారమే ఒక పాత కాయిల్ సంపాదించండి!