సైకిల్ గేరు మారుస్తుంటే ఆ టకటక ఎందుకు?

మీట నొక్కితే సన్నటి ఉక్కు కేబుల్ లాగుతుంది. వెనక ఉన్న డిరైలర్ అనే భాగం గొలుసును పక్కనున్న పళ్లచక్రం మీదికి నెడుతుంది. కొత్త కేబుల్ కొన్నాళ్లకు కాస్త వదులవుతుంది. డిరైలర్ వెంట్రుకవాసి వెనకబడినా చాలు, గొలుసు రెండు చక్రాల మధ్య తడబడుతూ టకటకమంటుంది.

చాలా సైకిళ్లలో మందు చిన్నదే. గొలుసు పెద్ద చక్రం ఎక్కనని మొరాయిస్తోందా? కేబుల్ డిరైలర్‌లోకి దూరే చోట గుండ్రటి మర ఉంటుంది. వెనక నుంచి చూస్తూ దాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి. వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పి వినండి. వేళ్లు మాత్రం గొలుసుకు దూరం! టకటక పోలేదా, ఇంకో పావు చుట్టు.

చిన్న చక్రంలోకి దిగడానికి బద్ధకిస్తే బిగువెక్కువైనట్టు, లేదా కేబుల్ తొడుగులో తుప్పు పట్టినట్టు. అన్నట్టు, నిలబెట్టిన సైకిల్‌కి గేరు మార్చకండి. గొలుసు కదులుతుంటేనే పక్కకు జరుగుతుంది. సైకిల్ కుడివైపు పడ్డాక మొదలైన గోలైతే, డిరైలర్‌ని పట్టుకున్న కొక్కెం వంగి ఉండొచ్చు. అప్పుడు మర ఎంత తిప్పినా దండగే, మెకానిక్ దగ్గరికి నడవండి.