కోడికాళ్ల పసుపురంగును మేతయు

మాడుగుల ప్రాంతమున కోడిని కొనువారు ముందుగా దాని కాళ్లను చూతురు. కాళ్లు పసుపుగానున్న కోడి ఆరోగ్యవంతమైనదనియు, పాలిపోయినది రోగిష్ఠిదనియు తలచుట సహజమే. మాంసమునకు కొనునపుడు ఈ తలంపు కొంతవరకు చెల్లును. గ్రుడ్లకొరకు పెట్టను కొనువాడు దీనినే నమ్మినచో నష్టపడును.

ఈ పసుపురంగును కోడి స్వయముగా తయారుచేసికొనజాలదు. ఆకులయందును, పసుపు మొక్కజొన్నలయందును ఉండు జాంథోఫిల్లులను వర్ణద్రవ్యములే దీనికి మూలము. ఇవి మేతలోని క్రొవ్వుతోకూడ ప్రేగులలో గ్రహింపబడి, రక్తమువెంట పోయి, చర్మమునందును, కాళ్లయందును, గ్రుడ్డు పచ్చసొనయందును నిలుచును.

మనము వేయు నూకలు, తవుడు, చోళ్లు, గంటెలు మొదలగువానిలో ఈ రంగు మిక్కిలి స్వల్పము. వీనితోనే గంపక్రింద పెంచిన పిల్లలు బాగుగా పెరిగినను వాని కాళ్లు తెల్లగనేయుండును. పసుపు మొక్కజొన్నలయందు కిలోకు సుమారు 20 మిల్లీగ్రాముల రంగు కలదు. ఎండిన బంతిరేకులయందు అంతకు నూరురెట్లకు మించి యుండును. మునగాకు, తోటకూర, లేతగడ్డి మన దొడ్లలోనే దొరకును. ఆకును నీడన ఆరబెట్టవలెను. ఎండకు రంగు చెడును. వాడిన బంతిదండలను అట్లే వేయరాదు, దారము కోడి మేతసంచిలో చిక్కుకొనును. పురుగుమందు చల్లిన పూవులు అంతకన్నను ప్రమాదకరములు.

పాడేరు పసుపు మనకు చేరువనే యున్నదిగదా యని మేతలో కలిపిన లాభములేదు. దానిలోని కుర్కుమిను జాంథోఫిల్లు కాదు. కోసిన కోడికి పసుపు పూసి కాల్చునపుడు వచ్చు రంగు పైపూతయే.

కొన్ని కోళ్లకు ఎట్టి మేత వేసినను కాళ్లు పసుపెక్కవు. వాని చర్మమున ఈ రంగును విరుగగొట్టు ఎంజైమొకటి పనిచేయుచుండును. పసుపుచర్మపు కోళ్లయందు అది అణగియుండును. ఈ లక్షణము దక్షిణభారతపు బూడిదరంగు అడవికోడినుండి పెంపుడుకోళ్లకు వచ్చియుండునని స్వీడనులోని ఉప్సాలా పరిశోధకులు 2008లో తెలిపిరి. కడక్‌నాథ్ కోడి నలుపు వేరొక వర్ణద్రవ్యమువలన పుట్టువుతో వచ్చునది. దానికి మేతతో పనిలేదు.

ఇక కొనుగోలు మాట. గ్రుడ్లు పెట్టనారంభించిన పెట్ట మేతలోని రంగును సొనకు మరల్చును. చర్మమునందలి పాతరంగు క్రమముగా తరుగును: మొదట గుదము చుట్టును, పిదప కంటి అంచు, చెవితమ్మె, ముక్కు, కట్టకడపట కాళ్లు. ముక్కు మొదటినుండి కొనవరకు పాలిపోవుటకు 4 మొదలు 6 వారములును, కాళ్లకు 4, 5 నెలలును పట్టును. గ్రుడ్లు మానినచో అదే వరుసను రంగు మరలివచ్చును. కావున ఒకే మేత తిన్న పసుపుజాతి పెట్టలలో కాళ్లు నిగనిగలాడునది తిని కూర్చున్నదే కావచ్చును! అయితే నాటుపెట్ట కొన్ని గ్రుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చుండును గనుక దాని కాళ్లు పూర్తిగా పాలిపోవుట అరుదు; దాని విషయమున గుదమును, ముక్కు మొదలును చూచుటయే మేలు.

రక్తపారుడువలనను, ప్రేగులలోని పురుగులవలనను కూడ రంగు తగ్గును. అట్టి కోడికి జుట్టు పాలిపోయి ముడుచుకొనును. గ్రుడ్లు పెట్టు పెట్టకు జుట్టు ఎఱ్ఱగా నిండియుండును; గుదము తడిగా వెడల్పుగా నుండి, దాని క్రింది రెండెముకల నడుమ రెండు మూడు వ్రేళ్లు పట్టును.