పరదేశి పొరుగువాడి పక్షాన సాక్ష్యం

సమస్త ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్‌ (సఅసం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!



దివ్య ఖుర్‌ఆన్‌లోని ‘అన్నిసా’ సూరా 36వ ఆయతులో అల్లాహ్‌ తన ఆరాధనను గురించి ఆజ్ఞాపించిన వెంటనే, మనం ఎవరెవరి పట్ల ఉత్తమంగా మెలగాలో తెలియజేశాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలతో పాటు బంధువైన పొరుగువాడు, పరాయివాడైన పొరుగువాడు, బాటసారి కూడా ఆ వరుసలో ఉన్నారు. పరాయి దేశం నుండి వచ్చి, ఏళ్ళ తరబడి మన వీధిలోనే నివసించి, ఇక్కడే కష్టపడి, ఇక్కడే పిల్లల్ని పెంచుకున్న మనిషికి ఒకనాడు దేశ బహిష్కరణ ఉత్తర్వు వస్తుంది. అప్పుడు ఈ ఆయతు మన మీద మోపే బాధ్యత ఏమిటి? నేటి జుమా ప్రసంగంలో దీనినే పరిశీలిద్దాం.

2021 మే 13వ తేదీ. బ్రిటన్‌లో ఆ రోజు ఈదుల్‌ ఫిత్ర్‌. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో పొలక్‌షీల్డ్స్‌ అనే ప్రాంతం ఉంది. అక్కడ ముస్లింలు పెద్ద సంఖ్యలో నివసిస్తారు. ఆ ఉదయం వలస శాఖ అధికారులు కెన్‌మ్యూర్‌ వీధిలోని ఒక ఇంటికి వచ్చి, ఇద్దరు వ్యక్తులను పట్టుకొని వ్యానులో కూర్చోబెట్టారు. వారిద్దరూ భారతదేశం నుండి వెళ్ళినవారు. సుమారు పదేళ్ళుగా అక్కడ ఉంటున్నవారు. ముస్లింలు కారు. ఆ సంగతి తెలిసి ఒక వ్యక్తి వ్యాను కిందకు దూరి, అది కదలకుండా పడుకున్నాడు. చూస్తుండగానే వందలాది మంది వీధిలో కూర్చున్నారు. వీరు మా పొరుగువారు, విడిచిపెట్టండి అన్నదే వారి కోరిక. దాదాపు ఎనిమిది గంటల తర్వాత, ప్రజల భద్రతను, ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకొని పోలీసులు ఆ ఇద్దరినీ విడిచిపెట్టారు. పండుగ పూట అక్కడికి చేరినవారు పట్టుబడినవారి మతం అడగలేదు.

అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ ఎనిమిది గంటలు వారికి వ్యవధినిచ్చాయి. నివాస హక్కును మాత్రం ఇవ్వలేదు. జనం ఇళ్ళకు వెళ్ళిన తర్వాత కూడా న్యాయవాదులు, దరఖాస్తులు, విచారణలు మిగిలే ఉంటాయి. అసలైన తోడ్పాటు అవసరమయ్యేది అక్కడే.

‘చట్టం అతన్ని పొమ్మంటున్నది కదా, అడ్డుపడటం ధర్మమేనా?’ అని కొందరు విశ్వాసులు సందేహిస్తారు. ఈ సందేహానికి సమాధానం ఇస్లాం చరిత్రలోనే ఉంది. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు హబషా దేశానికి వలస వెళ్ళారు. వారిని వెనక్కి తెచ్చేందుకు ఖురైషులు ఇద్దరు దూతలను పంపారు. ఒకరు అప్పటికి ఇంకా ఇస్లాం స్వీకరించని అమ్ర్‌ బిన్‌ ఆస్‌. ఆ దూతలు ముందుగా ఆస్థాన పెద్దలకు కానుకలు సమర్పించారు. వలస వచ్చినవారి మాట వినకుండానే వారిని తమకు అప్పగించాలన్నది వారి ఎత్తుగడ. రాజు నజాషీ దానికి ఒప్పుకోలేదు. తన రక్షణ కోరి వచ్చినవారిని పిలిచి, వారు చెప్పేది విన్న తర్వాతే నిర్ణయిస్తానన్నాడు. ముస్లింల పక్షాన హజ్రత్‌ జాఫర్‌ బిన్‌ అబీ తాలిబ్‌ (రజి) మాట్లాడారు. ఈసా (అలై) గురించి అడిగితే రాజుకు నచ్చుతుందో లేదో తెలియని పరిస్థితి. అయినా ఏమి జరిగినా సరే, ప్రవక్త (సఅసం) నేర్పినదే చెప్పాలని వారంతా ముందే సంప్రదించుకొని నిశ్చయించుకున్నారు. అలాగే చెప్పారు. నజాషీ దూతల కానుకలు తిప్పి పంపి, ముస్లింలకు అభయమిచ్చాడు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మనిషి మాట వినకుండా అతన్ని అప్పగించకూడదన్నది మొదటిది. అతని పక్షాన నిలిచేవారు సత్యమే పలకాలన్నది రెండవది. విచారణ కోరడం చట్టాన్ని ధిక్కరించడం కాదు. ఆ అవకాశాన్ని చట్టమే కల్పిస్తున్నది.

మన తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికానే తీసుకుందాం. అక్కడి చట్టం ప్రకారం అనుమతి లేని వ్యక్తి కూడా బహిష్కరణను రద్దు చేయమని వలస న్యాయమూర్తిని కోరవచ్చు. అయితే కనీసం పదేళ్ళు ఎడతెగకుండా నివసించి ఉండాలి. సత్ప్రవర్తన కలిగి ఉండాలి. అతన్ని పంపివేస్తే అక్కడి పౌరులో శాశ్వత నివాసులో అయిన భార్యకు లేక భర్తకు, తల్లిదండ్రులకు, పిల్లలకు అసాధారణమైన కష్టం కలుగుతుందని నిరూపించాలి. ఈ సత్ప్రవర్తనకు సాక్షులెవరు? ఇరుగుపొరుగువారు, యజమాని, పిల్లల ఉపాధ్యాయులు, మస్జిదులో పక్కన నిలబడి నమాజు చేసేవారు. అక్కడి వలస న్యాయస్థానంలో ప్రభుత్వం తన ఖర్చుతో న్యాయవాదిని నియమించదు. ఆ భారం సాధారణంగా ఆ కుటుంబం మీదే పడుతుంది.

కనుక జమాఅత్‌ చేయగలిగినవి స్పష్టంగానే ఉన్నాయి. అర్హత గల న్యాయవాది వద్దకు అతన్ని చేర్చాలి. దళారుల మాటలకు లోనుకానివ్వకూడదు. ఖర్చుకు సదఖా నిధి సమకూర్చాలి. జకాత్‌ వర్తిస్తుందో లేదో ఉలమాను అడిగి తెలుసుకోవాలి. విచారణ రోజున వెంట వెళ్ళాలి. అతన్ని నిర్బంధిస్తే ఇంటి అద్దె, పిల్లల చదువు, వంటింటి అవసరాలు చూసుకోవాలి. సాక్ష్యపు లేఖలో మనకు తెలిసినదే రాయాలి. అయిదేళ్ళుగా తెలిసినవాణ్ణి పదిహేనేళ్ళుగా తెలుసునని రాస్తే అది అబద్ధపు సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (సఅసం) ఘోర పాపాలలో లెక్కించారు. లోకరీత్యా చూసినా, ఆ ఒక్క అబద్ధం బయటపడితే మిగిలిన నిజాలన్నీ విలువ కోల్పోతాయి.

సోదరులారా! పరదేశంలో ఉన్న మన బిడ్డకు అక్కడి పొరుగువాడు అండగా నిలవాలని మనం కోరుకుంటాం. మరి మన గడ్డ మీది పరదేశి మాటేమిటి? హైదరాబాదు శివారు బాలాపూర్‌ ప్రాంతంలో మయన్మార్‌ నుండి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఏళ్ళుగా నివసిస్తున్నాయి. 2021 ఏప్రిల్‌ 8న సుప్రీంకోర్టు, జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను విడుదల చేయమని ఆదేశించలేదు. అయితే నిర్దేశించిన పద్ధతిని పాటించకుండా వారిని పంపివేయరాదని చెప్పింది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల రక్షణ పౌరులు కానివారికీ ఉంటుందని పేర్కొంది. ఆ పద్ధతి సక్రమంగా జరగాలని కోరడం, వారి పిల్లల ఆకలి తీర్చడం, వారి గురించి తెలిసిన నిజం చెప్పడం మన వంతు. తన కొరకు కోరుకున్నదే సోదరుని కొరకూ కోరుకోనంత వరకు విశ్వాసం పరిపూర్ణం కాదని ప్రవక్త (సఅసం) బోధించారు. గ్లాస్గోలోని బిడ్డకు ఒక న్యాయం, బాలాపూర్‌లోని బిడ్డకు మరో న్యాయం కోరుకునేవాడు ఈ బోధనను ఎలా పాటించినట్లు?

ఓ అల్లాహ్‌! ఇల్లు విడిచినవారికి నిలువ నీడను ప్రసాదించు. వారి పక్షాన సత్యం పలికే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. మా పొరుగువారి హక్కుల విషయంలో ప్రళయదినాన మమ్మల్ని అవమానం పాలు చేయకు. ఆమీన్‌.