కుక్కపిల్లని ఎవరి చేతిలో పెడుతున్నాం?

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం అంశం వినగానే మీలో కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. "కుక్కకి క్షవరం చేయించటానికి కూడా ఒక ప్రసంగమా!" అని. కొన్నేళ్ళ క్రితం అయితే నేనూ నవ్వేదాన్నే. ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన సంగతితో ఆ నవ్వు పోయింది.

మన ఇళ్ళల్లోకి కుక్క ఎలా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు రెండేళ్ళు పోరు పెడతారు. "నేనే తిప్పుతాను, నేనే శుభ్రం చేస్తాను" అని ఒట్లు వేస్తారు. చివరికి మనం మెత్తబడి, జుట్టు ఎక్కువ రాలదు కదా అని షిట్జునో, మాల్టీజునో, గోల్డెన్‌డూడుల్‌నో తెచ్చుకుంటాం. జుట్టు రాలని కుక్కకి ఆ జుట్టు పెరుగుతూనే ఉంటుందని అప్పుడు ఎవరూ చెప్పరు. మన ఊళ్ళల్లో మనకి తెలిసిన కుక్కలకి ఉండేది పొట్టి జుట్టు. వానలో తడిస్తే ఒకసారి దులుపుకుని పోయేవి. అందుకే ఈ గ్రూమింగ్ అన్నది మనకి ఏదో దొరల సరదాలా కనిపిస్తుంది. కానీ ఇటువంటి కుక్కలకి నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరింపు తప్పదు.

మా వాడి పేరు బుజ్జి. షిట్జు. వాడిని తెచ్చిన ఏడాది వేసవిలో, మా ఇంటికి పోస్టులో వచ్చిన కూపన్ చూసి, దగ్గర్లో ఉన్న ఒక షాపుకి ఫోన్ చేశాను. నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఎంత అవుతుంది?" పొద్దున దింపి, మధ్యాహ్నం తెచ్చుకున్నాను. చక్కగా కత్తిరించి, మెడకో రిబ్బన్ కూడా కట్టారు. పిల్లలు మురిసిపోయారు.

అప్పుడు మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. బుజ్జిని వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. ఆవిడే ముందు కనిపెట్టారు. "అమ్మాయ్, వాడి వాలకం బాగాలేదు. చూడు, ఎలా ఎగరొప్పుతున్నాడో. నాలిక ఎర్రగా అయిపోయింది" అన్నారు. లేచి నిలబడబోయి తూలిపడ్డాడు. ఆవిడే తడిగుడ్డతో ఒళ్ళంతా తడుపుతూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను కారు తీశాను. ఎమర్జెన్సీ వెట్ దగ్గర చూస్తే జ్వరమానిలో 105 డిగ్రీలు. కుక్కకి మామూలుగా ఉండవలసింది 101 నుంచి 102.5. బతికాడు లెండి, రెండు రోజులు అక్కడ ఉంచి పంపారు.

ఏం జరిగిందంటే, స్నానం అయ్యాక వాడిని ఒక బోనులో పెట్టి, దానికి వేడిగాలి కొట్టే యంత్రం తగిలించి, మనుషులు వేరే పనిలో పడ్డారు. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. వేడి బయటికి పోవటానికి దానికి ఉన్న ముఖ్యమైన దారి రొప్పటమే. షిట్జు, పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఆ దారి కూడా ఇరుకే. గాలి ఆడని బోనులో వేడిగాలి మధ్య అవి కొద్దిసేపట్లోనే ప్రమాదంలో పడతాయి. ఆ షాపు వాళ్ళది తప్పే. కానీ కూపన్ చూసిన నేను ఆ బోను ఎందుకు చూడలేదని చాలా రోజులు బాధపడ్డాను.

ఇక్కడ మనలో చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మన జుట్టు కత్తిరించే మనిషికి ఈ టెక్సస్ రాష్ట్రంలో లైసెన్సు కావాలి. కుక్క జుట్టు కత్తిరించే మనిషికి అక్కర్లేదు. కొలరాడో, కనెక్టికట్ వంటి చోట్ల షాపుకి లైసెన్సు ఉంటుంది కానీ అది ఆ స్థలానికి సంబంధించినది, కత్తెర పట్టుకున్న మనిషి చదువుకి కాదు. అంటే రేపు ఎవరైనా ఒక కత్తెర కొనుక్కుని బోర్డు పెట్టేసుకోవచ్చు. నేషనల్ డాగ్ గ్రూమర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా అని 1969 నుంచి ఉన్న సంఘం పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంది. అవి ఇష్టమున్నవాళ్ళు తెచ్చుకునేవి. గోడ మీద అది కనిపిస్తే మంచిదే. లేనంత మాత్రాన పని రాదని కాదు. ప్రభుత్వం అడగని ప్రశ్నలు కాబట్టి, మనమే అడగాలి. బిడ్డని డే కేర్‌లో వదిలే ముందు అడగమూ? అలాగే.

మొదటిది, ఎలా ఆరబెడతారు? "చేత్తో పట్టుకునే డ్రయ్యర్‌తో, మనిషి దగ్గరుండి" అంటే మంచి జవాబు. బోనులో పెడతామంటే, వేడి ఉంటుందా, ఉత్త గాలేనా, పక్కన ఎవరుంటారు అని అడగండి. "మా కుక్కకి వేడి గాలి వద్దు" అని కాగితం మీద రాయించండి.

రెండోది, బల్ల మీద కుక్కని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? కదలకుండా మెడకి ఒక పట్టీ తగిలిస్తారు. మనిషి పక్కకి వెళ్ళినప్పుడు కుక్క దూకితే అదే ఉరి అవుతుంది. మంచి గ్రూమర్ ఫోన్ మోగినా బల్ల వదలరు.

మూడోది, టీకాల కాగితాలు అడుగుతారా? టెక్సస్‌లో 16 వారాల వయసు లోపల రేబీస్ టీకా వేయించటం చట్టం. అది ఎలాగూ చూపించాలి. కెన్నెల్ కాఫ్ టీకా కూడా అడిగే షాపు అయితే మీకు విసుగనిపించవచ్చు గానీ, పక్క కుక్క నుంచి మీ కుక్కని కాపాడేది ఆ విసుగే.

నాలుగోది, దెబ్బ తగిలితే ఏం చేస్తారు? ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా ఎప్పుడో ఒకప్పుడు గోరు కాస్త లోతుగా తెగి రక్తం వస్తుంది. "మా దగ్గర ఎప్పుడూ ఏమీ జరగదు" అనేవాళ్ళ కంటే, "జరిగితే వెంటనే మీకు ఫోన్ చేస్తాం, ఫలానా వెట్ దగ్గరికి తీసుకెళ్తాం" అనేవాళ్ళని నమ్మండి. కుక్క గోల చేస్తుందని మత్తుమందు ఇస్తామంటే మాత్రం అక్కడినుంచి వచ్చేయండి. ఆ పని వెట్ చెయ్యాలి, గ్రూమర్ కాదు.

ఇవన్నీ ఫోనులో అడిగాక, ఒకసారి కుక్కని తీసుకెళ్ళకుండా మీరొక్కరే వెళ్ళి చూడండి. వాసన చూడండి, చప్పుడు వినండి, మిగిలిన కుక్కలు ఎలా ఉన్నాయో గమనించండి. పని చేసే చోటు చూపించటానికి ఇష్టపడకపోతే, ఎందుకని ఆలోచించుకోండి. ఇంటర్నెట్‌లో నక్షత్రాల కంటే, మీ వెట్ ఆఫీసులో "మీరు మీ కుక్కని ఎక్కడికి పంపుతారు?" అన్న ప్రశ్నకి వచ్చే జవాబు గట్టిది.

ఇక మన వైపు బాధ్యత. చిక్కులు పడిన కుక్కని తీసుకెళ్ళి "జుట్టు పొడుగ్గానే ఉంచండి" అంటే ఏ గ్రూమరూ చెయ్యలేరు. అట్టకట్టిన జుట్టు చర్మాన్ని లాగేస్తుంది, దాని కింద పుళ్ళు పడతాయి. అప్పుడు మొత్తం గొరిగెయ్యటమే దయ. అది గ్రూమర్ తప్పు కాదు. అందుకని రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు, బ్రష్ తర్వాత దువ్వెన కుదుళ్ళ దాకా దిగేలా దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, పట్టీ కింద ముఖ్యం. తలంటు అలవాటు కొద్దీ కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు. జిడ్డుకి దుమ్ము అంటుకుని చిక్కులు పెరుగుతాయి, మిగిలింది అది నాకేస్తుంది. మన షాంపూ కూడా దాని చర్మానికి పడదు. కుక్కల షాంపూయే వాడండి.

లాబ్రడార్, హస్కీ, జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్ళు ఎండాకాలం వచ్చింది కదా అని గుండు చేయించకండి. వాటిది రెండు పొరల జుట్టు. పై పొర ఎండ నుంచి కాపాడుతుంది. గొరిగితే మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు. వాటికి కావల్సింది కత్తిరింపు కాదు, బాగా దువ్వి రాలే జుట్టు తీసెయ్యటం.

ఇంటికి తెచ్చాక ఆ పూట కనిపెట్టి ఉండండి. ఆగకుండా రొప్పటం, తూలటం, చిగుళ్ళు బాగా ఎర్రబడటం కనిపిస్తే చల్లటి నీళ్ళతో తడిపి, ఏసీ వేసిన కారులో వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి. పొద్దుటిదాకా చూద్దాం అనుకోకండి.

ఇప్పుడు బుజ్జిని ఒకావిడ దగ్గరికి తీసుకెళ్తున్నాం. ధర కాస్త ఎక్కువే. ఆవిడ రోజుకి కొద్ది కుక్కల్నే తీసుకుంటుంది. వాడు ఆ తలుపు దగ్గరికి వెళ్ళగానే తోక ఊపుతాడు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇండియా నుంచి అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా మా క్షేమసమాచారాల కంటే ముందు అడిగేది, "వాడికి ఎవరు కత్తిరిస్తున్నారు? దగ్గరుండి చూస్తున్నారా?" అనే.

మీరూ అడగండి. నోరు లేని జీవం తరఫున అడగగలిగేది మనమే కదా. మళ్ళీ వచ్చే వారం కలుసుకుందాం. అంతవరకూ సెలవు, నమస్కారం.